అరవై ఒకటో పేజీ

“నాలుగున్నర దాటిందంటే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ తరవాత ఆ మనిషి గుండెకి పూచీపడేవాడు లేడు.”

లిఫ్టులో ఒక్కతే ఉన్నా హిల్మా కాంగాస్ ఈ మాట పైకే అనేసింది. ఆమె అలవాటే అంత. కీడు ముందుగా నోటితో అనేస్తే ఎదురొచ్చినప్పుడు కాళ్ళు వణకవని ఆమె నమ్మకం. కొడుకు ఫోను గంట ఆలస్యమైతే ఆసుపత్రుల నంబర్లు వెతికే తల్లి. ఇంట్లో ఆమె భయాలు చూసి నవ్వుకుంటారు. ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఫిర్యాదుల విభాగంలో మాత్రం ఎవరూ నవ్వరు. పదకొండేళ్ళ దర్యాప్తుల్లో ఆమె భయపడ్డ చోట తవ్వితే ఏదో ఒకటి బయటపడని రోజు లేదు.

గురువారం, మూడూ పది. ఎల్లుండి తెల్లవారితే జింకల వేట మొదలు. డులూత్ రేవు పట్నంలో సగంమంది మగవాళ్ళు తుపాకులూ పరుపుచుట్టలూ బళ్ళలో వేసుకుని ఉత్తరాన అడవుల్లోకి వెళ్ళిపోయారు. నెలనెలా చందా కట్టే సభ్యుల వైద్యం ఖర్చు భరించే పైన్ లాంతర్ ఆరోగ్య ప్లానుకి పెద్ద డాక్టరైన మెర్విన్ స్టెన్‌బర్గ్ కూడా పొద్దున్నే వెళ్ళిపోయారు. ఆయన వేటగుడిసెలో ఫోను లేదు. రెండో డాక్టరు నిన్ననే వేటకి వెళ్ళాడు. అవుననో కాదనో చెప్పగల డాక్టరు ఆమె లిఫ్టెక్కిన ఆ ప్లాను భవనంలో సోమవారం దాకా ఒక్కరూ లేరు.

వెర్నర్ సల్మెలాకి సోమవారం దాకా వ్యవధి లేదు. నలభైమూడేళ్ళవాడు. ఇనప ఖనిజం ఓడలకెత్తే రేవులో పని. అక్టోబరులో రెండుసార్లు పనిమీదే స్పృహ తప్పి పడ్డాడు. ఇంటి డాక్టరు చీటీ రాసి గుండె డాక్టరుకి పంపాడు. ఆయన చూసి, చిన్నప్పుడు అతుకేసిన కవాటం మూసుకుపోతోంది, దాన్ని మళ్ళీ తెరిచి కుట్టగలిగేవాడు మినియాపోలిస్‌లో ఒక్కడే ఉన్నాడు అన్నాడు. ఆ ఆసుపత్రి ప్లాను జాబితాలో లేదు. జాబితాలో లేని చోటికి పోవాలంటే ముందు ప్లాను సరే అనాలి. లేకపోతే ఇల్లు అమ్మినా ఆ ఖర్చు తీరదు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి అనుమతి అడిగారు. బుధవారం మధ్యాహ్నం కాదన్నారు. కారణం ఒక్క ముక్క: గుండె స్కాను జతచేయలేదు, అవసరం రుజువు కాలేదు.

ఆపరేషను రేపు పొద్దున ఏడింటికి. ప్లాను అనుమతి ఇవాళ నాలుగున్నరలోగా అందితేనే ఆసుపత్రి మంచం ఉంచుతుంది. ఇది తప్పితే ఆ సర్జనుకి మళ్ళీ ఖాళీ అయిదు వారాలకి. రెండు వారాలు గడుస్తాయని కూడా మాట ఇవ్వలేనని గుండె డాక్టరు అన్నాడు.

ఫిర్యాదు చేసింది వెర్నర్ భార్య జోలీన్. ఫోనులో ఏడవలేదు. మేం ముష్టి అడగటం లేదండీ అంది. పంతొమ్మిదేళ్ళ నుంచీ ఈ ప్లాను కార్డు కోసం మా ఆయన యూనియను జీతం పెంపు వదులుకుంటూ వచ్చింది, ఆ కార్డు మీద రాసిన మాటే అడుగుతున్నాం అంది. హిల్మాకి ఆ గొంతు నచ్చింది. బతిమాలని మనిషికి పని చేసిపెట్టడంలో ఒక గౌరవం ఉంటుంది.

మీటింగు గదిలో ఇద్దరున్నారు.

నిలబడి ఉన్నవాడు లైల్ ఓడెగార్డ్. ప్లాను సొంత దర్యాప్తు అధికారి. ఇరవైరెండేళ్ళు పోలీసు సార్జెంటుగా చేసి, తన చేతికొచ్చిన కేసు ఒక్కటీ తేలకుండా మిగల్లేదని చెప్పుకునే మనిషి. కూర్చున్నామె ఆర్డిస్ ఫ్లోడెన్. అనుమతి కోరుతూ వచ్చిన ఫైళ్ళు ముందుగా చూసే నర్సు. వెన్ను నిటారుగా, రెండు చేతులూ బల్లమీద బోర్లించి, పరీక్ష రాయడానికి వచ్చినదానిలా కూర్చుంది. ఎదురుగా తప్పు ఒప్పుకుంటున్నట్టు టైపు చేసిన కాగితం, మూత తీసిన పెన్ను. పక్కన తెరిచిన టిఫిను డబ్బాలో సగం తిన్న రై రొట్టె, మధ్యలో ఎర్రటి, పుల్లటి లింగన్‌బెర్రీ పళ్ళ జామ్. మధ్యాహ్నం నుంచీ ఆమెని ఆ కుర్చీలోంచి లేవనివ్వలేదని హిల్మాకి అర్థమైంది.

“ఆలస్యంగా వచ్చారు నర్సమ్మగారూ,” అన్నాడు ఓడెగార్డ్. హిల్మా ఒకప్పుడు నర్సని అతనికి తెలుసు. “కేసు అయిపోయింది. సంతకమే మిగిలింది.”

కేసేమిటో అతనే చెప్పాడు, వేళ్ళు మడిచి లెక్కపెడుతూ. బుధవారం పన్నెండూ ఏడుకి ఆర్డిస్ ఈ ఫైలుని తన కంప్యూటరు నుంచి డాక్టరుకి పంపింది, కాగితాల ఫైలు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. పన్నెండూ యాభైరెండుకి డాక్టరు కాదన్నారు. పన్నెండూ యాభైఅయిదుకి ఆమె ఫైలుతో బయటికొచ్చింది, రిసెప్షను అమ్మాయి చూసింది. ఫైల్లో స్కాను లేదని డాక్టరు తన చేత్తో రాశారు. ఇవాళ తీసి చూస్తే అరవై ఒకటో పేజీ సాక్షాత్తూ స్కానే. కాగితాలకి కాళ్ళు రావు. నిన్న పీకింది, ఇవాళ పెట్టింది. వసంతకాలంలో హెడ్ నర్సు పదవి ఇవ్వలేదని కడుపుమంట. ప్లాను పేపర్లకెక్కాలని కోరిక.

హిల్మా అడిగింది, “అయితే ఆ కాదన్నమాట నిలుస్తుందంటారా?”

“ఎందుకు నిలవదు? డాక్టరుగారు తన ముందున్న కాగితాలు చూసి న్యాయంగా చెప్పారు. లేని పేజీని లేదన్నారు. కొత్తగా అడుక్కోమనండి, సోమవారం చూస్తారు.”

“సోమవారానికి వెర్నర్ ఉండకపోవచ్చు.”

“దానికి బాధ్యులు ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ్ని అడగండి.”

హిల్మా కుర్చీ లాక్కుని ఆర్డిస్‌కి ఎదురుగా కూర్చుంది. ఇద్దరిదీ ఒకే పని ఒకప్పుడు. హిల్మా కూడా మూడేళ్ళు ఇంకో ప్లానులో ఇలాగే ఫైళ్ళు చూసింది. ఆ పనిలో ఉన్న గొప్పతనమేమిటో బయటివాళ్ళకి తెలియదు. జనం దృష్టిలో వాళ్ళు కాదనేవాళ్ళు. నిజానికి నర్సు కంప్యూటర్లో కాదనే మీటే ఉండదు. ఉన్నవి రెండే: సరే అనడం, లేదా డాక్టరుకి పంపడం. డాక్టరు ఒకసారి కాదన్నాక దాన్ని నర్సు మార్చలేదు. కాదనే హక్కు డాక్టరు పట్టా ఉన్నవాళ్ళకే, అదీ ఫైలు స్వయంగా చదివాకే. ఇది ప్లానుకీ సభ్యుడికీ మధ్య ఉన్న ఒప్పందంలో మొదటి మాట. ఎందుకంటే జబ్బుపడినా పడకపోయినా తలకింతని నెలనెలా ముందే తీసుకునే చోట, కాదనడం మీద గట్టి కాపలా లేకపోతే రోజూ కాదనే బుద్ధి పుడుతుంది.

“నిన్న పన్నెండూ ఏడు నుంచి యాభైఅయిదు దాకా ఆ గదిలో ఏం చేశావు ఆర్డిస్?”

ఆర్డిస్ బల్లమీది చేతులకేసే చూస్తోంది. పేజీ నువ్వు పీకావా అని అడిగింది. ఎవరైనా బెదిరించారా అని అడిగింది. ఆర్డిస్ కళ్ళు ఎత్తి సూటిగా చూసింది, మళ్ళీ చేతులకేసి దించుకుంది. అది దొంగ చూపు కాదు. పిల్లవాడు చేసిన తప్పు ఎవరికీ చెప్పనని మాటిచ్చిన తల్లి అలా చూస్తుంది. ఇక్కడ దొంగ ఉంటే పట్టుకోవచ్చు. మాటకి కట్టుబడ్డ మనిషైతే నాలుగున్నరకి ముందు నోరు తెరిపించడం కష్టం.

“గంటన్నరగా ఇదే వరస,” అన్నాడు ఓడెగార్డ్. “మౌనం కూడా ఒప్పుకోలే.”

హిల్మా లేచి రిసెప్షను దగ్గరికి నడిచింది. జనవరి నుంచీ డాక్టరు స్టెన్‌బర్గ్ తేల్చిన ఫైళ్ళ జాబితా కావాలంది: ఆయనకి చేరిన వేళ, ఆయన తేల్చిన వేళ. అమ్మాయి జంకుతూ ఓడెగార్డ్ వైపు చూసింది. అతను భుజాలు ఎగరేసి, ఇవ్వు, ప్రభుత్వంవారి సరదా తీరనీ అన్నాడు.

కాగితం చుట్టలు చుట్టుకుంటూ బయటికొస్తుంటే హిల్మా నిలబడే చదివింది. జనవరి: ఆరు నిమిషాలు, అయిదు, ఏడు, నాలుగు. మార్చి, జూన్, ఆగస్టు, అన్నీ అంతే. సెప్టెంబరు పదిహేడు: ఆరు, ఎనిమిది, అయిదు. సెప్టెంబరు పద్ధెనిమిదిన ఒక్క ఫైలూ లేదు. పంతొమ్మిది: నలభైఒకటి. యాభై. నలభైనాలుగు. అప్పట్నుంచి నిన్నటిదాకా ఒక్కటి కూడా ముప్పైఅయిదుకి తగ్గలేదు. అన్నీ మధ్యాహ్నం భోజనం వేళ, లేదా అయిదు దాటాక.

ఓడెగార్డ్ ఆమె భుజం మీదుగా చూశాడు. ముఖం వికసించింది. “చూశారా? ఒక్కో రోగికి ముప్పావుగంట. ఇంత శ్రద్ధగా చదివే డాక్టరు ఈ రాష్ట్రంలో ఇంకొకరుంటే చూపించండి.”

హిల్మా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. డాక్టరన్నవాడు ఫైలుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడు. వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలిసిన ఇల్లాలిలా చెయ్యి నేరుగా అక్కడికే పోతుంది: పరీక్షలు, గుండె డాక్టరు ఉత్తరం, అంతే. ఎనభైనాలుగు పేజీల ఫైలుకి ఆరు నిమిషాలు ఎక్కువ. నలభైఅయిదు నిమిషాలు పట్టిందంటే అది శ్రద్ధ కాదు, మరేదో. జాబితా చివర మొత్తం వేసి ఉంది. సెప్టెంబరు పద్ధెనిమిది తరవాత కాదన్నవి నూటముప్పైఏడు. అందులో ఒక పేరు ఆమెకి తెలుసు. ఆ మనిషి అంత్యక్రియల ప్రకటన కిందటి ఆదివారం పేపర్లో చూసింది.

మూడూ ముప్పైఎనిమిది. డాక్టరు గది చూడాలంది. ఆయన లేనప్పుడు కుదరదన్నాడు ఓడెగార్డ్. కుదరదని రాసి సంతకం పెట్టివ్వండి, అది కూడా నా ఫైల్లో పెట్టుకుంటాను అంది హిల్మా. అతను తాళంచెవి బల్లమీద గిరాటేశాడు.

గది శుభ్రంగా ఉంది. గోడమీద డెబ్భైనాలుగు నాటి ఫొటో: నల్లజుట్టు స్టెన్‌బర్గ్, చుట్టూ రేవు కూలీలు, కలప కోసేవాళ్ళు, వాళ్ళ భార్యలు. ఆ ఏడాదే వాళ్ళంతా కలిసి ఈ ప్లాను పెట్టుకున్నారు. జబ్బుచేసిననాడు ఎవరి ముందూ టోపీ తీసి బతిమాలుతూ నిలబడకూడదని ఆ రోజు ఆయన అన్నమాట ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటారు. హిల్మా తండ్రి కూడా ఆ మాట చెప్పుకునే పోయాడు. ఆ ఫొటో కింద నిలబడి ఆయన సొరుగులు తెరవడం ఆమెకి మనసొప్పలేదు. అయినా తెరిచింది.

మొదటి సొరుగులో ఉత్తరాలు. పైకి కనిపించేవి ఏవీ చింపలేదు. ఒకటి కూతురు రాసింది, అక్టోబరు ముద్ర. కవరు మూల మాత్రం నలిగి మెత్తబడింది, పదేపదే చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసినట్టు.

బల్లమీద నోటు పుస్తకం. ముత్యాల్లాంటి దస్తూరీలో వేట సామాన్ల జాబితా. క్యాంపుకి ఉన్ని మేజోళ్ళు. దాని కింద పేజీలో, క్యాంపుకి ఉన్ని మేజోళ్ళు. దాని కింద కూడా అదే మాట. పక్కన అలమరాలో ఫైళ్ళ వీపులకి రంగు టేపులు అంటించి ఉన్నాయి. ఎరుపు, నీలం, పసుపు. పేర్లు రాసిన చీటీలు ఉండగా వాటిమీద టేపులెందుకో ఆమెకి మొదట తోచలేదు.

సల్మెలా ఫైలు బల్ల చివర ఉంది, ఓడెగార్డ్ పొద్దున వదిలేసిన చోటే. పైన రేకు కొక్కేలతో బిగించిన ఎనభైనాలుగు కాగితాలు. హిల్మా కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటే తిప్పింది. యాభైఎనిమిది. యాభైతొమ్మిది. అరవై తిప్పింది. ఎదురుగా అరవైరెండు.

చెయ్యి ఆగిపోయింది.

వెనక్కి తిప్పి, కింది మూల పట్టుకుని చూసింది. ఒక కాగితం మందం కాదది, రెండు. అరవై, అరవైఒకటి కింది మూల దగ్గర అతుక్కుపోయి ఉన్నాయి. పేజీ తిప్పడానికి బొటనవేలు వేసే చోట ఎర్రటి మరక, అంచులోంచి లోపలికి ఇంకి ఎండిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి తీపి వాసన. ఆమె వాటిని విడదీయలేదు. అతుకు లేని పక్క అంచు కాస్త వంచి లోపలికి తొంగి చూస్తే స్కాను నల్లటి బొమ్మ, కింద కవాటం కొలత. ఆ కొలత చూసి హిల్మా కళ్ళు మూసుకుంది. జోలీన్‌తో గుండె డాక్టరు చెప్పినదానికంటే పరిస్థితి అన్యాయంగా ఉంది.

“ఏం దొరికింది?” ఓడెగార్డ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“మీ పేజీ ఎక్కడికీ పోలేదు. నిన్న ఉన్నచోటే ఉంది, ఇవాళా అక్కడే ఉంది. పొద్దున మీరెలా చూశారు?”

పక్క అంచు వంచి చూశానన్నాడు. కొక్కెం దగ్గర అంకెలు కనిపిస్తాయి, అరవై ఒకటి ఉంది, అది స్కానే అని చూసి మూసేశానన్నాడు.

“దీన్ని పీకి మళ్ళీ పెడితే ఈ అతుకు ఉండేది కాదు. కొక్కెం దగ్గర చిల్లులు చూడండి, ఇంత కూడా సాగలేదు. జామ్ ఎండి ఒక రోజైంది.”

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. పోలీసు కళ్ళకి సాక్ష్యం ఎదురుగా ఉంటే అబద్ధమాడడం రాదు. కానీ అహం ఊరుకోనివ్వదు కదా. “సరే, పీకలేదు. అతికించింది. అదీ ఆవిడ జామే. డాక్టరుగారు పదేళ్ళుగా తీపి ముట్టరు.”

“అదే నేనూ అడుగుతున్నాను. ఆవిడ జామ్ వేలు డాక్టరుగారు చదివే ఫైలు మూలలోకి ఎలా వచ్చింది? పేజీలు తిప్పింది ఎవరు?”

“తెచ్చి ఇచ్చేటప్పుడు అంటి ఉంటుంది.”

“అరవయ్యో పేజీకి మాత్రమే?”

ఓడెగార్డ్ ముఖం ఎర్రబడింది. రెండేళ్ళ నర్సు చదువు చదివి వచ్చి పోలీసు పని నేర్పుతున్నారా అన్నాడు. హిల్మా ఆ మాటకి నొచ్చుకోలేదు. ఆ రెండేళ్ళూ రాత్రిబడిలో, ఇద్దరు పిల్లల్ని పొరుగింట్లో పడుకోబెట్టి చదివింది. దాన్ని తక్కువ చెయ్యడం ఎవరితరమూ కాదు.

“రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో మొదటి వారం నేర్పింది ఏమిటో తెలుసాండీ? రోగి ఏం చెబుతున్నాడో వినడం కాదు, ఏం చెయ్యలేకపోతున్నాడో చూడడం.” ఆమె నోటు పుస్తకం అతని చేతిలో పెట్టింది. “ఒకే మాట మూడుసార్లు ఎందుకు రాసుకుంటారు? కూతురి ఉత్తరం ఎందుకు చింపరు? చీటీలుండగా ఫైళ్ళకి రంగులెందుకు? ఆరు నిమిషాల పని ఒక్కరోజులో నలభైఅయిదు ఎందుకైంది? నేను నోటితో అనను. అన్నానంటే అది ఊహ అవుతుంది. ఊహకి ఆసుపత్రిలో మంచం ఇవ్వరు.”

ఓడెగార్డ్ పేజీలు తిప్పాడు. మేజోళ్ళు, మేజోళ్ళు, మేజోళ్ళు. గోడమీది ఫొటోకేసి ఒక్కసారి చూసి తలదించుకున్నాడు. అందులో రెండో వరసలో నిలబడ్డ పొట్టి మనిషి అతని తండ్రి అని హిల్మాకి అప్పుడు తట్టింది.

నాలుగూ నాలుగు. మీటింగు గదికి తిరిగొచ్చేసరికి ఆర్డిస్ అదే కుర్చీలో, అదే నిటారు వెన్నుతో ఉంది. కాగితం మీద సంతకం లేదు. పెన్ను చేతిలో ఉంది.

హిల్మా ఫోను అందుకుని మినియాపోలిస్ ఆసుపత్రికి కలిపింది. మంచాలు చూసే గుమాస్తా గొంతు అలసిపోయి ఉంది. ఇంకో కుటుంబం కింద హాల్లో కూర్చుని ఉంది, నాలుగున్నరకి వాళ్ళని పైకి పిలుస్తాను, అంతకంటే ఆపలేను అంది. లైనులోనే ఉండమని హిల్మా అడిగింది. ఉంటాను, కానీ గడియారం నా చేతిలో లేదు అందామె. హిల్మా రిసీవరుని బల్లమీద వెల్లకిలా పెట్టింది.

అప్పుడు ఆర్డిస్‌కి నెమ్మదిగా చెప్పింది. ఆమె దాస్తున్నదేమిటో తనకి అర్థమైందనీ, అది ఎవరి పరువుకి సంబంధించిందో తెలుసనీ. ఒప్పందం ప్రకారం డాక్టరు స్వయంగా చదవని ఫైలు మీద కాదన్నమాట లెక్కలోకి రాదు. లెక్కలోకి రాకపోతే ప్లాను అసలు జవాబే చెప్పనట్టు. రెండు పనిరోజుల్లో జవాబు చెప్పకపోతే అడిగింది సరే అయిపోయినట్టు. మంగళవారం నాలుగింటికి అడిగారు. ఇప్పుడు గురువారం నాలుగు దాటింది. అంటే వెర్నర్ సల్మెలాకి అనుమతి ఈ క్షణంలో ఉంది. చూసిన మనిషి చూశానని చెప్పాలి, అంతే.

ఆర్డిస్ పెన్నుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“డాక్టరుగారు నిన్ను చేరదీశారని విన్నాను,” అంది హిల్మా. “మీ ఆయన పోయినప్పుడు నర్సు బడికి ఫీజు కట్టింది ఆయనేనట. క్రిస్మస్ దాకా ఆగమని అడిగి ఉంటారు. తిరిగొస్తుందేమోనని. నువ్వు మాటిచ్చి ఉంటావు.”

ఆర్డిస్ కంటిరెప్ప కదిలింది.

“కానీ నీ నోరు మూయించింది ఆ మాట ఒక్కటే కాదనుకుంటాను. ఇరవైఆరేళ్ళలో నీ చేతిమీదుగా ఒక్క తప్పు రాలేదని ఈ అంతస్తులో అందరూ అంటారట. నిన్న వచ్చింది. అన్నం తినే తీరిక లేక రొట్టె ఓ చేత్తో, ఫైలు ఓ చేత్తో. అది ఇవాళ పొద్దున తెలిసింది నీకు. అవునా?”

ఓడెగార్డ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. హిల్మా అతనివైపు చూడకుండానే చెప్పుకుపోయింది. ముప్పైఏళ్ళ కిందట పిల్లల వార్డులో తను ఒక బాబుకి పదిరెట్లు మందు ఎక్కించింది. దశాంశ చుక్క స్థానం తప్పు చదివింది. ఎవరూ చూడలేదు. పాపాయిలా పడుకున్నాడు వాడు. నడవాలో నడుచుకుంటూ పోయి పెద్ద నర్సుకి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

“వాడు బతికాడు ఆర్డిస్. ఇప్పుడు వాడికి ముగ్గురు పిల్లలు. నాకు వచ్చిన సర్టిఫికెట్లు ఏవీ నేను గోడకి తగిలించలేదు. నా చదువు మొత్తం ఆ పది నిమిషాల నడకే.”

రిసీవరులోంచి సన్నగా గొంతు వినిపించింది. నాలుగూ ఇరవై అండీ.

ఓడెగార్డ్ ముందుకొచ్చాడు. హిల్మా చెయ్యి అడ్డుపెట్టబోయింది, ఏదో అని చెడగొడతాడేమోనని. అతను బల్లమీది టైపు కాగితాన్ని తీసి బోర్లా తిప్పాడు. ఆర్డిస్ వేళ్ళ మధ్యనుంచి పెన్ను మెల్లగా అందుకుని, మూతపెట్టి, తన జేబులో పెట్టుకున్నాడు. తరవాత కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

“ఆయన మా నాన్న చావుమంచం పక్కన రాత్రంతా కూర్చున్నాడు,” అన్నాడు ఎవరికీ కాకుండా. “అడిగితే ఆయనే చెప్పేవాడు. వెర్నర్ పేరు చెబితే క్షణం ఆగేవాడు కాదు.”

హిల్మా ఇంక మాట్లాడదలచుకోలేదు. లోపల మాత్రం ఆమె ఎప్పట్లాగే అన్ని కీడులూ లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఆర్డిస్ చెప్పకపోతే వెర్నర్. చెబితే నూటముప్పైఏడు ఫైళ్ళూ తెరుచుకుంటాయి, అందులో పోయినవాళ్ళ ఇళ్ళ తలుపులు తట్టాలి. కూలీలు కట్టుకున్న ప్లాను నిలుస్తుందో లేదో. ఒక ముసలి డాక్టరు జింకల అడవిలో తుపాకీ తుడుచుకుంటూ ఈ గది సంగతి తెలియకుండా కూర్చుని ఉంటాడు. ఏ వైపు చూసినా ఎవరో ఒకరి తల వంగుతుంది. వంగకూడనిది ఒక్కటే అనుకుంది. టోపీ తియ్యకుండా నిలబడ్డ జోలీన్ తల.

నాలుగూ ఇరవైనాలుగు. ఇరవైఅయిదు. రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించి ఆగిపోయింది. ఇరవైఆరు. ఆర్డిస్ బోర్లించిన చేతుల్ని తిప్పి అరచేతులకేసి చూసుకుంది. కుడి బొటనవేలిని ఎడమ చేత్తో పట్టుకుంది.

నాలుగూ ఇరవైఏడు. ఆమె లేచి నిలబడింది. ఏప్రను మడతలు సరిచేసుకుంది. చెయ్యి చాచి రిసీవరు ఎత్తుకుని చెవికి ఆనించుకుంది.

“రాసుకోండి,” అంది. “సెప్టెంబరు పద్ధెనిమిది నుంచీ డాక్టరు స్టెన్‌బర్గ్ గారికి మెదడుకి నెత్తురందక చదవడం పోయింది. రాయగలరు, రాసింది చదవలేరు. అప్పట్నుంచీ ప్రతి ఫైలూ ఆయనకి చదివి వినిపిస్తున్నది నేను. వెర్నర్ సల్మెలా ఫైల్లో అరవై నుంచి అరవైరెండుకి పోయింది కూడా నేనే. ఆ ఫైలు ఇంతవరకూ ఏ డాక్టరూ చదవలేదు.”